బ్యాంకింగ్, ఫైనాన్స్ చదువుల్లో సుస్థిరత

పర్యావరణం, సమాజం, సంస్థల పాలన అనే మూడింటినీ డబ్బు లెక్కలతో కలిపి బోధించే, పరిశోధించే రంగాన్ని విశ్వవిద్యాలయాల్లో సస్టెయినబుల్ ఫైనాన్స్ అంటున్నారు. అప్పు ఎవరికివ్వాలి, ఎంత వడ్డీకివ్వాలి, ఏ షేరు కొనాలి, ఏ ఆస్తికి ఎంత విలువ కట్టాలి అన్నవి ఫైనాన్స్‌లో పాత ప్రశ్నలే. వాటికి జవాబు వెతికేటప్పుడు కార్బన్ ఉద్గారాలు, నీటి ఎద్దడి, తుపాన్లు, కార్మికుల బతుకులు, బోర్డు నడవడి లెక్కలోకి వస్తాయా, వస్తే లెక్కలో ఏ వరుసలో చేరతాయి అన్నది ఈ రంగం తేల్చాల్సిన విషయం. బయటినుంచి చూసేవారికి ఇది నీతిబోధలా కనిపిస్తుంది. లోపల మాత్రం చర్చంతా డిస్కౌంట్ రేటు, తాకట్టు విలువ, రిస్కుకు తగిన రాబడి చుట్టూనే తిరుగుతుంది.

ఆలస్యం ఎందుకు

నేడు ఎంబీఏ, ఎంకాం విద్యార్థులు చదివే ఫైనాన్స్ పాఠాలకు పునాది 1950ల నుంచి 1970ల మధ్య పడింది. 1952లో హారీ మార్కోవిట్జ్ పోర్ట్‌ఫోలియో సిద్ధాంతం, 1958లో మోడిగ్లియానీ, మిల్లర్‌ల మూలధన నిర్మాణ సిద్ధాంతం, 1964లో విలియం షార్ప్ ఆస్తుల ధరల నమూనా, 1970లో యూజీన్ ఫామా రాసిన సమర్థ మార్కెట్ల సమీక్ష వచ్చాయి. వీటిలో పొగ గొట్టాలకు, మురుగునీటికి చోటు లేదు. ఒకరి వ్యాపారం వల్ల ఇంకొకరికి కలిగే నష్టాన్ని పన్నుతో సరిచేయవచ్చని ఆర్థర్ పిగూ 1920లోనే వాదించాడు. అందుచేత అది ప్రభుత్వం చూసుకోవాల్సిన పని, అర్థశాస్త్ర విభాగం చెప్పాల్సిన పాఠం అన్న పని విభజన స్థిరపడింది. 1970 సెప్టెంబరులో మిల్టన్ ఫ్రీడ్‌మన్ న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో రాసిన వ్యాసం ఈ విభజనకు సిద్ధాంతబలం చేకూర్చింది. చట్టానికి లోబడి లాభం పెంచడమే వ్యాపారానికి ఉన్న సామాజిక బాధ్యత అన్నది ఆయన వాదన. ఆ తరవాత రెండు తరాల ఫైనాన్స్ పాఠ్యపుస్తకాల్లో వాటాదారు సంపదే సంస్థ లక్ష్యంగా మొదటి అధ్యాయంలోనే కనిపించింది.

పరిశోధన ఇంకా వెనకబడింది. 21 ప్రముఖ ఫైనాన్స్ పత్రికల్లో 1998 జనవరి నుంచి 2015 జూన్ వరకు అచ్చయిన 20,725 వ్యాసాలను డియాజ్-రైనీ, రాబర్ట్‌సన్, విల్సన్ అనే ముగ్గురు పరిశోధకులు జల్లెడ పట్టారు. వాటిలో వాతావరణ మార్పుకు ఏదో ఒక రకంగా సంబంధమున్నవి 12 మాత్రమే. అగ్రస్థానంలో ఉన్న మూడు పత్రికల్లో ఒక్కటీ లేదు. ఆ సంఖ్య ఎందుకు అంత తక్కువన్న ప్రశ్నకు అధ్యాపకుల పదోన్నతుల పద్ధతే చాలావరకు జవాబు. యువ అధ్యాపకులు అగ్ర పత్రికల్లో రాస్తేనే ఉద్యోగం స్థిరపడుతుంది. ఆ పత్రికలు వేయని అంశం మీద ఏళ్లు వెచ్చించేవారు అరుదు.

మలుపు తిప్పినవి

మార్పు తరగతి గదిలో పుట్టలేదు, బయటినుంచి వచ్చింది. పర్యావరణం, సమాజం, పాలన మూడింటికీ కలిపి ఈఎస్‌జీ అనే పొట్టి పేరును వాడుకలోకి తెచ్చింది ఐక్యరాజ్య సమితి ఆధ్వర్యంలో 2004లో వెలువడిన ఒక నివేదిక. 2006లో బాధ్యతాయుత పెట్టుబడి సూత్రాలు న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో మొదలయ్యాయి. అదే ఏడాది వాతావరణ మార్పు ఆర్థికశాస్త్రం మీద బ్రిటన్ ప్రభుత్వం కోసం నికొలస్ స్టెర్న్ తయారుచేసిన సమీక్ష వచ్చింది. 2007లో మేనేజ్‌మెంట్ విద్యాసంస్థల కోసం ఐక్యరాజ్య సమితి తెచ్చిన పీఆర్ఎంఈ సూత్రాల మీద ఇప్పటికి 800కు పైగా సంస్థలు సంతకం చేశాయి. సంతకం చేయడం తేలికే. సిలబస్‌లో ఏం మారిందో చూపడమే కష్టం.

అసలు కుదుపు 2015 సెప్టెంబరు 29న లండన్‌లోని లాయిడ్స్ బీమా సంస్థలో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గవర్నర్ మార్క్ కార్నీ చేసిన ప్రసంగం. ఆర్థిక వ్యవస్థ మీద వాతావరణ మార్పు మూడు దారుల్లో దెబ్బ తీస్తుందని ఆయన వివరించాడు. వరదలు, తుపాన్ల వల్ల ఆస్తులకు జరిగే నష్టం భౌతిక రిస్కు. బొగ్గు, చమురు నుంచి ఇతర ఇంధనాలకు మారేటప్పుడు పాత ఆస్తులు విలువ కోల్పోవడం పరివర్తన రిస్కు. నష్టపోయినవారు కోర్టుకెక్కితే వచ్చేది బాధ్యతా రిస్కు. బ్యాంకు మేనేజర్లకు అర్థమయ్యే భాషలో చెప్పడమే ఈ విభజనలోని గొప్ప. విశాఖపట్నం మీద 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడినప్పుడు దెబ్బతిన్న గోదాములు, హోటళ్లు, పడవల్లో ఎన్నో బ్యాంకు అప్పుతో కొన్నవే. తాకట్టు పెట్టిన ఆస్తి ఒక్క రాత్రిలో రేకులెగిరిన షెడ్డుగా మిగిలితే ఆ నష్టాన్ని నైతిక సమస్య అనరు, మొండిబాకీ అంటారు.

2017 డిసెంబరులో 8 కేంద్ర బ్యాంకులు, పర్యవేక్షణ సంస్థలు కలిసి పారిస్‌లో ఆర్థిక వ్యవస్థ హరితీకరణ కోసం ఎన్‌జీఎఫ్ఎస్ అనే వేదిక పెట్టాయి. భారతీయ రిజర్వు బ్యాంకు 2021 ఏప్రిల్‌లో అందులో చేరింది. నియంత్రణ సంస్థలు అడగడం మొదలుపెట్టాక బ్యాంకులకు మనుషులు కావలసివచ్చారు. బ్యాంకులకు మనుషులు కావాలంటే విశ్వవిద్యాలయాలు కోర్సులు పెట్టక తప్పదు.

తరగతి గదిలో

బోధన పద్ధతులు ప్రధానంగా రెండు. చివరి సెమిస్టరులో ఒక ఐచ్ఛిక పేపరు పెట్టడం మొదటిది. కార్పొరేట్ ఫైనాన్స్, పెట్టుబడుల విశ్లేషణ, బ్యాంకు రిస్కు నిర్వహణ వంటి మూల పేపర్లలోనే ఈ అంశాలను కలపడం రెండోది. మొదటిదానికి సెనేట్ ఆమోదం త్వరగా దొరుకుతుంది, పాత అధ్యాపకులెవరూ తమ నోట్సు మార్చుకోనక్కర్లేదు. అందుకే ఎక్కువ చోట్ల కనిపించేది అదే. దాని లోపమేమిటంటే, ఒక గదిలో లాభమే సంస్థ లక్ష్యమని విన్న విద్యార్థి పక్క గదిలో అందుకు భిన్నమైన మాట వింటాడు. రెండూ ఎక్కడ ఢీకొంటాయో ఎవరూ చెప్పరు. పరీక్షలో మాత్రం రెండింటికీ మార్కులొస్తాయి.

మూల పేపరులో కలిపితే ఏమవుతుందో డిస్కౌంట్ రేటు పాఠం చూపుతుంది. ఇప్పటినుంచి 100 ఏళ్ల తరవాత 100 కోట్ల రూపాయల వరద నష్టం జరుగుతుందనుకుందాం. దాన్ని తప్పించడానికి ఈరోజు ఎంత ఖర్చు పెట్టడం సబబు? స్టెర్న్ సమీక్ష వాడిన సుమారు 1.4 శాతం రేటుతో వెనక్కి లెక్కిస్తే దాదాపు 25 కోట్లు వస్తుంది. మార్కెట్ రాబడికి దగ్గరగా ఉండే 5.5 శాతంతో లెక్కిస్తే 47 లక్షలు. కంపెనీలు తమ ప్రాజెక్టులకు మామూలుగా వాడే 10 శాతం స్థాయి రేటు పెడితే సుమారు 72,500 రూపాయలు. వరద అదే, సూత్రం అదే, ఎక్సెల్ గడి అదే. మారిందల్లా ఒక్క రేటు. స్టెర్న్ ఎంచుకున్న రేటు మరీ తక్కువని విలియం నోర్డ్‌హాస్ గట్టిగా విమర్శించాడు. వాతావరణ ఆర్థికశాస్త్రానికి 2018లో నోబెల్ అందుకున్నది ఈ నోర్డ్‌హాసే. ఇంకా పుట్టని తరాల మేలును మన మేలుతో సమానంగా చూడాలా అన్నది ఆ తగువు మూలం. నికర వర్తమాన విలువ లెక్కలో రేటును ప్రశ్నపత్రంలో ఇచ్చేసి జవాబు మాత్రం అడిగే మన అలవాటు ఆ తగువును విద్యార్థి కంట పడనివ్వదు.

బ్యాంకింగ్ విద్యార్థికి నేర్పే మరో లెక్క అప్పుల వెనకున్న ఉద్గారాలది. బ్యాంకు కార్యాలయంలో వాడే కరెంటు వల్ల వచ్చే కార్బన్ చాలా స్వల్పం. దాని అప్పుతో నడిచే సిమెంటు, ఉక్కు, విద్యుత్ కర్మాగారాలదే పెద్ద పద్దు. దీన్ని కొలవడానికి నెదర్లాండ్స్ బ్యాంకులు 2015లో మొదలుపెట్టిన పీసీఏఎఫ్ పద్ధతి 2020లో అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడింది. 500 కోట్ల విలువున్న లిస్టెడ్ కంపెనీకి బ్యాంకు 100 కోట్లు అప్పిచ్చిందనుకోండి. ఆ కంపెనీ ఏటా లక్ష టన్నుల కార్బన్ వదిలితే, అందులో అయిదో వంతు, అంటే 20 వేల టన్నులు బ్యాంకు ఖాతాలో పడతాయి. మరుసటి ఏడాది షేరు ధర పెరిగి కంపెనీ విలువ 1,000 కోట్లకు చేరితే? బ్యాంకు వాటా పదో వంతుకు, ఉద్గారాలు 10 వేల టన్నులకు తగ్గుతాయి. చిమ్నీ నుంచి వచ్చే పొగ రవ్వంత తగ్గలేదు. వార్షిక నివేదికలో మాత్రం సగానికి తగ్గినట్టు కనిపిస్తుంది. ఈ లెక్క చేయించి, ఇందులో తిరకాసు ఎక్కడుందో విద్యార్థుల చేతనే పట్టించే అధ్యాపకుడు, పర్యావరణ హితమని మభ్యపెట్టే గ్రీన్‌వాషింగ్ మీద గంటసేపు ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు.

విదేశాల్లో ప్రత్యేక కేంద్రాలు కూడా వెలిశాయి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని స్మిత్ స్కూల్‌లో సాగుతున్న సస్టెయినబుల్ ఫైనాన్స్ బృందం, ఇంధన పరివర్తనలో చిక్కుకుపోయే ఆస్తుల మీద చేసిన అధ్యయనాలతో పేరు తెచ్చుకుంది. 2017లో పలు విశ్వవిద్యాలయాలు కలిసి గ్రాస్ఫి అనే పరిశోధన కూటమి పెట్టుకున్నాయి. వృత్తి సంస్థలు విశ్వవిద్యాలయాలకంటే వేగంగా కదిలాయి. బ్రిటన్ సీఎఫ్ఏ సొసైటీ 2019లో ఈఎస్‌జీ పెట్టుబడుల సర్టిఫికెట్ తెచ్చింది, రిస్కు నిపుణుల సంఘం గార్ప్ 2020లో వాతావరణ రిస్కు సర్టిఫికెట్ మొదలుపెట్టింది. డిగ్రీలో ఐచ్ఛిక పేపరు కూడా దొరకని విద్యార్థులు ఉద్యోగం కోసం ఈ సర్టిఫికెట్లకే డబ్బు కడుతున్నారు.

భారతదేశంలో పాత పాఠం, కొత్త పేరు

ఈఎస్‌జీ అనే మాట పుట్టకముందే భారతీయ బ్యాంకింగ్ తరగతిలో సామాజిక లక్ష్యమున్న రుణం ఒక అధ్యాయం. 1969 జులైలో 14 బ్యాంకుల జాతీయీకరణ, 1975లో ప్రాంతీయ గ్రామీణ బ్యాంకులు, 1982లో నాబార్డ్, 1992లో స్వయం సహాయక బృందాలను బ్యాంకులతో కలిపే పథకం వరసగా వచ్చాయి. మన దగ్గర డ్వాక్రా సంఘం పొదుపు పుస్తకం చూడని ఊరు లేదు. బ్యాంకులు తమ రుణాల్లో 40 శాతం ప్రాధాన్య రంగాలకు, అందులో భాగంగా మొత్తం రుణాల్లో 18 శాతం వ్యవసాయానికి ఇవ్వాలన్న నిబంధనను కామర్స్ విద్యార్థులు కంఠస్థం చేస్తారు. 2015లో పునరుత్పాదక విద్యుత్తు కూడా ప్రాధాన్య రంగాల జాబితాలో చేరింది. పాశ్చాత్య పాఠ్యపుస్తకాన్ని దించుకుని రాసిన సిలబస్‌లలో ఈ చరిత్రంతా గ్రామీణ బ్యాంకింగ్ అనే వేరే యూనిట్లో మిగిలిపోతుంది, సస్టెయినబుల్ ఫైనాన్స్ యూనిట్ మాత్రం పారిస్ ఒప్పందంతో మొదలవుతుంది. ఇది చరిత్రపరంగా తప్పు, బోధనపరంగా నష్టం.

ఇలాంటిదే పర్యావరణ విద్య కథ. ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన ఆదేశం దరిమిలా డిగ్రీ విద్యార్థులందరికీ పర్యావరణ అధ్యయనం తప్పనిసరి అయింది. బీకాం విద్యార్థి ఒకరోజు ఓజోన్ పొర గురించి రాస్తాడు, మర్నాడు మూలధన బడ్జెటింగ్ లెక్క చేస్తాడు. రెండింటికీ ముడి వేసే ప్రశ్న ఏ పత్రంలోనూ రాదు.

నిబంధనలు మాత్రం వేగంగా మారాయి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలంది. సెబీ 2021లో ప్రకటించిన బీఆర్ఎస్ఆర్ అనే వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలకు తప్పనిసరైంది. కేంద్ర ప్రభుత్వం 2023 జనవరి, ఫిబ్రవరిలో తొలి సార్వభౌమ గ్రీన్ బాండ్లతో 16,000 కోట్ల రూపాయలు సేకరించింది. రిజర్వు బ్యాంకు 2022 జులైలో వాతావరణ రిస్కు మీద చర్చాపత్రం, 2023 ఏప్రిల్‌లో గ్రీన్ డిపాజిట్ల విధివిధానాలు, 2024 ఫిబ్రవరిలో వెల్లడింపుల ముసాయిదా విడుదల చేసింది. ఇవన్నీ రిజర్వు బ్యాంకు, సెబీ వెబ్‌సైట్లలో ఉచితంగా దొరికే పాఠ్యసామగ్రి. విశ్వవిద్యాలయ పాలక మండలి సిలబస్ సవరించేదాకా ఆగకుండా ఏ అధ్యాపకుడైనా రేపే తరగతికి తీసుకుపోగలడు.

హైదరాబాద్ బస్తీల నుంచి

సామాజిక లక్ష్యంతో ఇచ్చే అప్పు మేలు చేస్తుందా అన్న ప్రశ్న మీద ప్రపంచ విశ్వవిద్యాలయాల్లో తప్పక చదివే అధ్యయనాల్లో ఒకటి హైదరాబాద్‌లో జరిగింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, రేచల్ గ్లెనర్‌స్టర్, సింథియా కినన్ నగరంలోని 104 బస్తీలను తీసుకుని, లాటరీ పద్ధతిలో 52 ఎంపిక చేశారు. ఆ బస్తీల్లోనే స్పందన అనే సూక్ష్మరుణ సంస్థ ముందుగా శాఖలు తెరిచింది. ఏడాదిన్నర తరవాత రెండు రకాల బస్తీలను పోల్చారు. అప్పటికే వ్యాపారం ఉన్నవారు పెట్టుబడి పెంచారు, మన్నికైన సామాన్ల కొనుగోలు పెరిగింది, టీ, పొగాకు వంటి వాటి మీద ఖర్చు తగ్గింది. నెలవారీ మొత్తం వినియోగంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆరోగ్యం, పిల్లల చదువు, మహిళల మాట చెల్లుబాటు కూడా మెరుగుపడినట్టు కనబడలేదు. సూక్ష్మరుణం పేదరికాన్ని పారదోలుతుందన్న ప్రచారానికీ, పేదలను ముంచుతుందన్న ఆరోపణకూ ఈ ఫలితాలు సమానంగా అడ్డం తిరిగాయి. 2015లో అచ్చయిన ఆ వ్యాసం శీర్షికలో సూక్ష్మరుణ అద్భుతం అన్న మాటకు ప్రశ్నార్థకం తగిలించి ఉంది.

ఆ వ్యాసం అచ్చుకాకముందే కథ మలుపు తిరిగింది. 2010 ఆగస్టులో హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ షేర్ల మార్కెట్‌కు వెళ్లింది. ఒకే ఇల్లాలు మూడు నాలుగు సంస్థల దగ్గర అప్పు తీసుకోవడం, వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల నేపథ్యంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అదే ఏడాది అక్టోబరులో ఆర్డినెన్స్ తెచ్చింది. రాష్ట్రంలో వాయిదాల చెల్లింపు దాదాపు నిలిచిపోయింది. సూక్ష్మరుణ సంస్థల మీద వేసిన మాలెగాం కమిటీ సిఫార్సుల తరవాత రిజర్వు బ్యాంకు ఈ సంస్థలకు ప్రత్యేక కోవ ఏర్పరిచింది. ఎమిలీ బ్రెజా, సింథియా కినన్ ఈ సంక్షోభాన్నే సహజ ప్రయోగంగా తీసుకుని 2021లో ఒక వ్యాసం వెలువరించారు. ఆంధ్రప్రదేశ్‌లో నష్టపోయిన సంస్థలు ఇతర రాష్ట్రాల్లో కూడా అప్పులు తగ్గించాయి. అలాంటి సంస్థల మీద ఎక్కువగా ఆధారపడిన జిల్లాల్లో కూలి రేట్లు, వినియోగం పడిపోయాయని వారు తేల్చారు. అప్పు తీసుకున్నవారి బాగోగులే కాక, అప్పు ఆగిపోతే పక్క రాష్ట్రంలో కూలివారి మీద పడే దెబ్బ కూడా లెక్కకు వచ్చింది.

అంతకుముందు రాబిన్ బర్జెస్, రోహిణీ పాండే 2005లో భారతీయ గ్రామీణ శాఖల విస్తరణ మీద రాసిన వ్యాసం కూడా ఈ కోవలోదే. బ్యాంకు ఉన్న ఊళ్లో ఒక శాఖ తెరవాలంటే బ్యాంకు లేని నాలుగు ఊళ్లలో తెరవాలన్న 1977 నిబంధన ఆధారంగా, శాఖలు పెరిగిన చోట గ్రామీణ పేదరికం తగ్గిందని వారు చూపారు. తరవాతివారు దాన్ని ప్రశ్నించారు. ఒక ఫలితాన్ని ఎలా రుజువు చేస్తారో, ఎలా ప్రశ్నిస్తారో రెండూ నేర్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ తెలుగు విద్యార్థికి దొరకదు.

పరిశోధనలో తేలినవి, తేలనివి

2020 నాటికి గాలి మళ్లింది. ఆ ఏడాది రివ్యూ ఆఫ్ ఫైనాన్షియల్ స్టడీస్ వాతావరణ ఫైనాన్స్ మీద ప్రత్యేక సంచిక వేసింది. అప్పటిదాకా ఖాళీగా ఉన్న రంగంలోకి వ్యాసాలు వెల్లువెత్తాయి. తొందరలో రాసినవీ వాటిలో ఉన్నాయి.

మంచితనానికి లాభం వస్తుందా అన్నది అన్నిటికంటే పాత ప్రశ్న. ఫ్రీడె, బుష్, బాసెన్ 2015లో రెండు వేలకు పైగా అధ్యయనాలను క్రోడీకరించి, సుమారు 90 శాతం అధ్యయనాల్లో ఈఎస్‌జీకీ ఆర్థిక ఫలితాలకూ ప్రతికూల సంబంధం లేదని చెప్పారు. అమ్మకందార్లకు ఈ సంఖ్య బాగా నచ్చింది. కానీ సారాయి, పొగాకు, జూదం కంపెనీల షేర్లు మిగతావాటికంటే ఎక్కువ రాబడి ఇచ్చాయని హాంగ్, కాస్పర్‌చిక్ 2009లోనే చూపారు. పెద్ద సంస్థలు పరువు కోసం దూరంగా ఉంటే ఆ షేర్లు చౌకవుతాయి, చౌకగా కొన్నవాడికి రాబడి ఎక్కువ. పాస్టర్, స్టాంబాఫ్, టేలర్ 2021, 2022 వ్యాసాల్లో ఈ రెండింటినీ కలిపారు. హరిత షేర్ల నుంచి ముందుముందు ఆశించదగ్గ రాబడి తక్కువే అయినా, వాతావరణం మీద ఆందోళన అనుకోకుండా పెరిగిన కాలంలో అవి మెరిశాయని వారి వివరణ. గడిచిన పదేళ్ల రాబడి చూపించి ఫండ్ అమ్మేవారికి ఇది చేదు మాత్ర.

కొలత దగ్గరే పెద్ద గొడవ. ఆరు రేటింగ్ సంస్థల ఈఎస్‌జీ మార్కులను పోల్చిన బెర్గ్, కోల్బెల్, రిగోబోన్ వాటి మధ్య సగటు సహసంబంధం 0.54 మాత్రమేనని లెక్కకట్టారు. పరపతి రేటింగుల్లో అది 0.9 పైమాటే. ఒకే కంపెనీకి ఒకరు ఫస్ట్ క్లాసు, ఇంకొకరు అత్తెసరు మార్కులు వేస్తుంటే, ఆ మార్కుల మీద కట్టిన రిగ్రెషన్ ఫలితాలు ఏమేరకు నిలుస్తాయి? ఎక్కువ కార్బన్ వదిలే కంపెనీల షేర్లు ఎక్కువ రాబడి ఇస్తాయన్న బోల్టన్, కాస్పర్‌చిక్ ఫలితం కూడా ఇలాగే వివాదంలో పడింది. సంస్థలు స్వయంగా వెల్లడించిన ఉద్గారాలు, దత్తాంశం అమ్మే సంస్థలు అంచనా వేసిన ఉద్గారాలు వేరుచేసి చూస్తే, ఉద్గారాలను అమ్మకాలతో భాగిస్తే ఆ సంబంధం నిలవదని మరో బృందం వాదించింది. ఇళ్ల ధరల మీద జరిగిన పని కాస్త గట్టిది: అమెరికాలో సముద్రమట్టం పెరిగితే మునిగే ముప్పున్న ఇళ్లు అలాంటి ఇతర ఇళ్లకంటే సుమారు 7 శాతం తక్కువకు అమ్ముడవుతున్నాయని 2019లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది.

ఈ పేరే అనవసరమన్నవారు కూడా ఉన్నారు. లండన్ బిజినెస్ స్కూల్ ఆచార్యుడు అలెక్స్ ఎడ్మన్స్ 2023లో ఈఎస్‌జీకి అంత్యకాలం అన్న అర్థంలో వ్యాసం రాశాడు. దీర్ఘకాలిక విలువను ప్రభావితం చేసే అంశాలు ముఖ్యమే, అంతమాత్రాన వాటికి ప్రత్యేక గద్దె వేయనక్కర్లేదన్నది ఆయన మాట. మార్కెట్లో జరిగినవి ఆయన అనుమానాన్ని బలపరిచాయి. ఈఎస్‌జీ గురించి తప్పుదారి పట్టించే ప్రకటనలు చేసినందుకు జర్మనీ ఆస్తుల నిర్వహణ సంస్థ డీడబ్ల్యూఎస్ 2023లో అమెరికా నియంత్రణ సంస్థకు 1.9 కోట్ల డాలర్లు చెల్లించింది. రాజకీయాల గాలి కూడా తిరిగింది. అమెరికా ఫెడరల్ రిజర్వు 2025 జనవరిలో ఎన్‌జీఎఫ్ఎస్ నుంచి తప్పుకుంది. 2021లో ఆర్భాటంగా పుట్టిన బ్యాంకుల నెట్‌జీరో కూటమి 2025 అక్టోబరులో మూతపడింది.

భారతీయ పరిశోధకుడి ఇబ్బంది వేరు. బీఆర్ఎస్ఆర్ దత్తాంశం వేయి పెద్ద కంపెనీలకే పరిమితం. బ్యాంకుల రుణ ఖాతాల్లో లెక్కకు మిక్కిలిగా ఉన్న చిన్న పరిశ్రమలు, రైతులు, కిరాణా దుకాణదారులు ఏ నివేదికా దాఖలు చేయరు. దాంతో మన దగ్గర పీహెచ్‌డీ స్థాయిలో తరచు కనిపించేది గ్రీన్ బ్యాంకింగ్ మీద ఖాతాదారుల అవగాహన అన్న అంశం, అయిదు మెట్ల ప్రశ్నావళి, కాగితం లేని లావాదేవీలు మంచివని ఒప్పుకునే కొన్ని వందల మంది. అది ఖాతాదారుల మర్యాదను కొలుస్తుంది. పంట రుణాల బాకీలను మండలాలవారీ వర్షపాతంతో, తీరప్రాంత శాఖల మొండిబాకీలను తుపానుల దారితో, రొయ్యల చెరువుల అప్పులను భూగర్భజలాల ఉప్పదనంతో కలిపి చూడగల దత్తాంశం జిల్లా స్థాయి బ్యాంకర్ల కమిటీల పట్టికల్లో, వాతావరణ శాఖ రికార్డుల్లో, భూగర్భజల శాఖ పరిశీలన బావుల కొలతల్లో విడివిడిగా పడి ఉంది. వాటిని ఒకచోట చేర్చాలంటే కామర్స్ విభాగానికి భూగోళ శాస్త్రం, గణాంక శాస్త్రం చదివినవారి తోడు కావాలి. పరిశోధనా మండలులు ఇంకా సబ్జెక్టులవారీగానే గైడ్లను కేటాయిస్తున్నాయి.